కౌంట్ ఎంతకొచ్చింది?

ఆగస్టు దాటిందంటే మా ల్యాబ్ కౌంటర్ ముందుకొచ్చేవాళ్లు పేషెంట్ పేరు కూడా చెప్పరు. "మేడమ్, కౌంట్ ఎంతకొచ్చింది?" అంటారు. ఏ కౌంటని మేమూ అడగం. ఆ రెండు మూడు నెలలు డెంగీ జ్వరాల కాలం. నల్లగొండలో అప్పుడు కౌంటంటే ప్లేట్‌లెట్ల కౌంటే, అంటే రక్తం గడ్డకట్టించే చిన్న ముక్కల లెక్క. దేవరకొండ రోడ్డు మీద బైకు నడుపుకుంటూ వానలో తడిసొచ్చినాయన రిపోర్టు చేతికి రాగానే హిమోగ్లోబిన్ చూడడు, తెల్లకణాలు చూడడు. హెమటోక్రిట్ అని, రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే వరస ఒకటి ఉందన్న సంగతే ఆయన లెక్కలో లేదు. వేలు సరాసరి ప్లేట్‌లెట్ల దగ్గరికి పోతుంది. 94 వేలని ఉంటే అక్కడే మెట్ల మీద కూలబడి ఫోను తీస్తాడు. "అన్నా, పొద్దున లక్ష ఉండె, ఇప్పుడు తొంభై నాలుగంట. ఏమైతదో ఏమో. బొప్పాయాకు ఏడన్న దొరుకుతదా చూడు."

లక్షకీ తొంభై నాలుగుకీ ఉన్న తేడా మిషన్‌ది కూడా కావచ్చు. అదే ట్యూబును అదే మిషన్‌లో రెండుసార్లు పెట్టినా అంకె అచ్చంగా ఒకటే రాదు. ఈ మాట ఆయనకు చెబుతాను. వింటాడు, తల ఊపుతాడు, సాయంత్రం మళ్లీ వచ్చి చెయ్యి చాపుతాడు.

పదిహేడేళ్లుగా ఈ కౌంటర్ వెనక ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది, కొంచెం మొండిగానే చెబుతాను. మనం ప్లేట్‌లెట్లను బ్యాంకు బ్యాలెన్సులాగా చూస్తున్నాం. తగ్గిందా, ఎక్కడి నుంచైనా తెచ్చి వేయాలి. వేస్తే వెంటనే కనపడాలి. నన్నడిగితే అది పంట. ఎముకల మూలుగలో ఒక కణం కొన్ని జన్యువులను తెరిచి, కొన్నింటిని మూసి, తన అదనుకు తాను పండించుకునే పంట. ఈ రాత్రి నీళ్లు పెడితే రేప్పొద్దునకు గింజ రాదు.

ఇది చెప్పే ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి. కొత్తగా పనిలో చేరిన రోజులు. మోకాలి ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల కోసం ఒక పెద్దమ్మను తీసుకొచ్చారు. జ్వరం లేదు, ఒంటి మీద మచ్చలు లేవు, కొడుకుతో నవ్వుతూ మాట్లాడుతోంది. మిషన్ 26 వేలని చూపించింది. నేను అదే ప్రింట్ తీసి ఇచ్చేశాను. ఆపరేషన్ ఆగిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఆ రాత్రి పడుకోలేదట. తెల్లారి కారు మాట్లాడుకుని హైదరాబాద్ తీసుకుపోయారు. అక్కడ నీలం మూత ట్యూబులో రక్తం తీసి చూస్తే 2 లక్షల 10 వేలు. నాలుగో రోజు కొడుకు వచ్చి రెండు రిపోర్టులూ నా ముందు పక్కపక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. "ఏందమ్మా ఇది?" అని మాత్రమే అడిగాడు.

జరిగింది ఇదీ. మేము రక్తం తీసే ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి రక్తంలో ఆ రసాయనమే ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది. ఒంట్లో బాగానే ఉంటాయి, ట్యూబులోకి వచ్చాక గుంపులు కడతాయి. మిషన్ గుంపును గుంపుగా గుర్తుపట్టదు, ప్లేట్‌లెట్‌గా లెక్కపెట్టదు. గాజు పలక మీద ఒక చుక్క పరిచి, రంగేసి మైక్రోస్కోపు కింద ఒక్క నిమిషం చూసి ఉంటే అంచున గుంపులు గుంపులుగా కనపడేవి. నేను చూడలేదు. అప్పటి నుంచి లక్ష లోపు ఏ అంకె వచ్చినా స్లైడ్ చూడకుండా రిపోర్టు బయటికి పంపను. పెద్ద లెన్సు కింద ఒక్కో చోట సగటున ఎన్ని ప్లేట్‌లెట్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి 15 వేలతో గుణిస్తే సుమారు కౌంట్ వస్తుంది. పాత పద్ధతే. మిషన్ అబద్ధమాడినప్పుడు పట్టిచ్చేది కూడా అదే.

అలా ఏళ్ల తరబడి స్లైడ్లు చూస్తే ప్లేట్‌లెట్ మీద ఒక రకమైన జాలి పుడుతుంది. ఎర్రకణం పక్కన పెడితే ఇసుక రేణువంత. రెండు మూడు మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. లేత ఊదా రంగులో, మధ్యన నాలుగు చుక్కలతో ఉంటుంది. కేంద్రకం ఉండదు. అంటే జన్యువుల పెట్టె దానికి లేదు. నిజానికి అది కణమే కాదు, కణం నుంచి తెగిన ముక్క. 1882లో ఇటలీలో జూలియో బిజ్జొజెరో అనే ఆయన ఇవి రక్తం గడ్డకట్టడంలో పని చేస్తాయని చూపించాడు. ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1906లో జేమ్స్ హోమర్ రైట్ అనే అమెరికా డాక్టరు, మూలుగలో ఉండే ఒక రాకాసి కణం నుంచి ఇవి తెగిపడుతున్నాయని చెప్పాడు. ఆ కణం పేరు మెగాకేరియోసైట్. పేరు పలకడం కష్టం కాబట్టి ఇక్కడి నుంచి పెద్ద కణం అంటాను.

దాన్ని మొదటిసారి నేను చూసింది హైదరాబాద్‌లో ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు. నడుం వెనక ఎముకలోంచి తీసిన మూలుగ స్లైడ్ అది. పెద్ద లెన్సు పెట్టబోతుంటే పాథాలజీ మేడమ్ ఆపింది. "పది రెట్ల లెన్సే పెట్టు. దీన్ని వెతకడానికి అంతకన్నా అక్కర్లేదు. అంచుల దగ్గర చూడు." చూశాను. చుట్టూ ఆవాల్లాగా వందల కణాలు, వాటి మధ్య మేకలమందలో దున్నపోతులాగా ఒకటి. మామూలు కణం పది మైక్రాన్లుంటే ఇది యాభై నుంచి వంద దాకా. మధ్యలో కేంద్రకం గుండ్రంగా లేదు, అల్లం కొమ్ములాగా కణుపులు కణుపులుగా ఉంది. చుట్టూ గులాబీ రంగు పొడి చల్లినట్టు సన్నటి రేణువులు. "ఆ కొమ్ములో ఎన్ని జతల క్రోమోజోములు ఉంటాయనుకుంటున్నావు?" అని అడిగింది మేడమ్. ఇరవై మూడన్నాను, పుస్తకంలో ఉన్నది అదే కదా. ఆమె నవ్వి, "దానికి ఎనిమిది రెట్లు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ" అంది.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో క్రోమోజోములు రెండు సెట్లు ఉంటాయి, తల్లిదొకటి తండ్రిదొకటి. ఈ పెద్ద కణంలో మాత్రం సాధారణంగా పదహారు, కొన్నింట్లో ముప్ఫై రెండు, అరవై నాలుగు. ఒక మామూలు కణంలోని డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు రెండు మీటర్లంటారు. ఆ లెక్కన పదహారు సెట్ల కణంలో పదహారు మీటర్లు. ఇది ఎందుకిలా అవుతుందన్నదే నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. దానికి ముందు జన్యువులు తెరుచుకోవడం, మూసుకోవడం అంటే ఏమిటో చెప్పాలి. మా అమ్మమ్మ ఊరు గుర్తు చేసుకోకుండా నాకది చెప్పడం రాదు.

మా అమ్మమ్మది పుట్టపాక. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది కానీ మాకు అదెప్పుడూ నల్లగొండ జిల్లానే. ఎండాకాలం సెలవుల్లో పోతే ఇంటి ముందు వసారాలో నూలు సాగదీసి కట్టి ఉండేది. దాని మీద బొగ్గుతో డిజైను గుర్తులు. మామయ్య సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో గుర్తు ఉన్న చోటల్లా బిగించి చుట్టేవాడు. చిటికి కట్టడమంటే అదే. తర్వాత మొత్తం నూలును రంగులో ముంచుతారు. కట్టు ఉన్న చోట రంగు అంటదు. ఆరాక కొన్ని కట్లు విప్పి, కొత్త చోట కొన్ని కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. నేసేసరికి పువ్వులు, ఏనుగులు, రథాలు. నూలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకటే.

ఒంట్లో ప్రతి కణానికీ ఇచ్చిన నూలు కూడా ఒకటే. కంటి కణంలో ఉన్న జన్యువులే కాలేయంలోనూ, మూలుగలోనూ ఉన్నాయి. డీఎన్‌ఏ పోగు కొన్ని ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగుతుగా ఉన్న చోట జన్యువు ఉన్నా లేనట్టే, చదివే యంత్రాంగం అక్కడికి చేరలేదు. వదులైన చోట చదవడం మొదలవుతుంది. ఏ కణంలో ఏ కట్టు విప్పాలి, ఏది బిగించాలి అన్నది కొన్ని ప్రొటీన్లు డీఎన్‌ఏ మీద ఫలానా అక్షరాల వరస చూసి, అక్కడ వాలి తేలుస్తాయి. వీటిలో ఒకదాని పేరు గాటా-1. జి, ఎ, టి, ఎ అనే నాలుగు అక్షరాలు వరసగా ఉన్న చోటును అది వెతుక్కుంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారు.

పోలిక ఇక్కడ కొంచెం చిరుగుతుంది, ఆ చిరుగే అసలు విషయం. పుట్టపాకలో కట్లు కట్టేవాడు నూలుకు బయట కూర్చున్నాడు. కణంలో అలాంటి మామయ్య ఎవరూ లేరు. కట్లు విప్పే ప్రొటీన్‌ను తయారు చేసే జన్యువు కూడా అదే నూలులో ఉంది. గాటా-1 రాకముందు దాని చెల్లెలు గాటా-2 అవే చోట్లలో కూర్చుని ఉంటుంది. కణం ఎదిగేకొద్దీ గాటా-1 వచ్చి గాటా-2ను లేపి ఆ కుర్చీల్లో తాను కూర్చుంటుంది, పైగా గాటా-2 జన్యువునే అణిచేస్తుంది. చార్జ్ తీసుకున్న కొత్త ఆఫీసరు పాతాయన పేరు బోర్డు కూడా పీకేసినట్టు.

ఇంకో చిత్రమేమిటంటే గాటా-1 ఒక్క పెద్ద కణానికే పరిమితం కాదు. ఎర్రకణాలను తయారు చేసేదీ అదే. రెండింటికీ పూర్వీకుడైన ఒక కణం దారి చీలే చోట నిలబడి ఉంటుంది. అక్కడ గాటా-1కి తోడు ఎవరు దొరికారన్నది చూడాలి. కేఎల్‌ఎఫ్-1 అనే ప్రొటీన్ గెలిస్తే ఎర్రకణం దారి. ఫ్లై-1 గెలిస్తే ప్లేట్‌లెట్ల దారి, దానికి రన్‌ఎక్స్-1 అనే ఇంకొకటి తోడు. ఈ రెండు పక్షాలూ ఒకదాన్నొకటి తొక్కిపెడతాయి. ఎవరికి కాస్త మొగ్గు దొరికినా అది తనను పెంచుకుని రెండోదాన్ని అణుస్తుంది. రంగు అంటిన నూలు మళ్లీ తెల్లబడదన్నట్టు, కొంతదూరం పోయాక కణం వెనక్కి రాదు.

ఈ ప్రొటీన్ల పని తెలిసింది చాలావరకు వాటిని తీసేసి చూసినప్పుడే. 1997లో ఎలుకల్లో పెద్ద కణాలకు గాటా-1 అందకుండా చేశారు. పెద్ద కణాలే పుట్టవనుకుంటాం కదా. పుట్టాయి, మామూలు కన్నా ఎక్కువే పుట్టాయి. కానీ ఎదగలేదు. పిల్లకణాలుగానే ఉండిపోయి సంఖ్య పెంచుకుంటూ పోయాయి. మూలుగ నిండా కణాలు, రక్తంలో ప్లేట్‌లెట్లు కొన్నే. అంటే గాటా-1 కణాన్ని ఎదిగేలా చేయడమే కాదు, ఇక పెరిగింది చాలు, పనిలో పడమని చెప్పేదీ అదే. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో కొందరికి పుట్టిన కొత్తలో రక్తంలో ఇలాంటి పిల్లకణాలు విపరీతంగా కనిపిస్తాయి. చూస్తే ఆ కణాల్లో గాటా-1 కురచగా, తల తెగి తయారవుతోంది. చాలామందిలో అది కొద్ది నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. కొందరిలో తర్వాత లుకేమియాగా, అంటే రక్త క్యాన్సర్‌గా తిరగబెడుతుంది.

ఇప్పుడు ఆ అల్లం కొమ్ము సంగతి. ఏ కణమైనా రెండుగా చీలే ముందు డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుంటుంది. తర్వాత నడుముకు మొలతాడు బిగించినట్టు ఒక పట్టీ బిగుసుకుని కణాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఆ పట్టీకి కావలసిన ఒక ప్రొటీన్‌ను ఎంవైహెచ్-10 అనే జన్యువు ఇస్తుంది. పెద్ద కణంలో రన్‌ఎక్స్-1 వెళ్లి సరిగ్గా ఆ జన్యువును మూసేస్తుంది. డీఎన్‌ఏ రెట్టింపవుతుంది, చీలిక మొదలవుతుంది, పట్టీకి బలం చాలక ఆగిపోతుంది. మళ్లీ రెట్టింపు, మళ్లీ ఆగిపోవడం. రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, ఎనిమిది పదహారై కణం ఉబ్బుతూ పోతుంది. ఏదో కొత్త జన్యువు తెరుచుకోవడం వల్లే అది రాక్షసి అయిందని నేను చాలాకాలం అనుకున్నాను. ఉన్న ఒకదాన్ని మూసేయడానికి కూడా అందులో అంత పాత్ర ఉంటుందని తట్టలేదు.

ఎందుకింత పెద్దగా ఉబ్బాలి? పని అలాంటిది. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి ఒంట్లో రోజుకు దాదాపు పది వేల కోట్ల ప్లేట్‌లెట్లు తయారవుతాయి. ఒక్కో పెద్ద కణం వేలల్లో ఇస్తుంది. ప్రతి ముక్కకూ పైపొర కావాలి, లోపల గడ్డకట్టించే సరుకు కావాలి. జన్యువుల ప్రతులు ఎక్కువుంటే సరుకు ఎక్కువ తయారవుతుంది. మన పెళ్లి వంటల దగ్గర ఒకే పొయ్యి మీద కాకుండా పది పొయ్యిలు తవ్వి ఒకేసారి వండినట్టు.

చివరి అంకం ఎన్‌ఎఫ్-ఈ2 అనే ప్రొటీన్‌ది. 1995లో ఇది లేని ఎలుకలను పుట్టించారు. వాటి మూలుగలో పెద్ద కణాలు చక్కగా ఉబ్బి ఉన్నాయి, రక్తంలో ప్లేట్‌లెట్లు దాదాపు లేవు. చాలావరకు రక్తస్రావంతో చనిపోయాయి. వంటంతా అయింది, వడ్డించేవాడు లేడు. ఈ ప్రొటీన్ తెరిచే జన్యువుల్లో ఒకటి ట్యూబులిన్ అనే దూలం లాంటి ప్రొటీన్‌ది, ప్లేట్‌లెట్లకే ప్రత్యేకమైన రకం. ఆ దూలాల ఆధారంతో పెద్ద కణం పొడుగాటి చేతులు చాస్తుంది. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఆ ఊడలను తలుచుకోండి. మర్రి ఊడ నేలలోకి దిగి మానవుతుంది. ఈ ఊడ రక్తనాళం గోడ సందులోంచి లోపలికి దిగుతుంది, రక్తం ఒరవడికి కొస తెగి కొట్టుకుపోతుంది. తెగిన కొసే ప్లేట్‌లెట్. అన్నీ మూలుగలోనే తెగాలని కూడా లేదు. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఈ పని పెద్ద ఎత్తున జరుగుతోందని 2017లో కళ్లారా చూశారు.

పోయేటప్పుడు తల్లికణం చేతిలో ఒక సద్దిమూట పెట్టి పంపుతుంది. జన్యువుల పెట్టె ఇవ్వదు కానీ వాటి నుంచి రాసుకున్న ఆర్‌ఎన్‌ఏ చీటీలు కొన్ని ఇస్తుంది. ప్లేట్‌లెట్ ఆ చీటీలు చూసుకుని కొంతకాలం చిన్నచిన్న ప్రొటీన్లు తయారు చేసుకుంటుంది. సద్ది అయిపోయాక కొత్తగా వండుకోలేదు. ఎనిమిది పది రోజులకు దాని బతుకు ముగుస్తుంది. ఈ చీటీల సంగతి గుర్తు పెట్టుకోండి, బొప్పాయాకు దగ్గర పనికొస్తుంది.

మరి ప్లేట్‌లెట్లు తగ్గాయని మూలుగకు ఎవరు చెబుతారు? ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు. కాలేయం థ్రాంబోపోయెటిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతూ ఉంటుంది, ఇంచుమించు రోజూ ఒకే మోతాదులో. ప్లేట్‌లెట్లు తమ ఒంటి మీదున్న గ్రాహకాలతో దాన్ని పట్టుకుని మింగేస్తాయి. మర్రిగూడ వైపు ఊళ్లకు నీళ్ల ట్యాంకర్ వచ్చే రోజులు గుర్తున్నవాళ్లకు అర్థమవుతుంది. ట్యాంకర్ అదే, నీళ్లు అవే. వాడకు పదిమంది బిందెలతో వస్తే చివర చుక్క మిగలదు, ముగ్గురే వస్తే మిగిలిపోతాయి. ప్లేట్‌లెట్లు తగ్గితే హార్మోన్ మిగులుతుంది, మిగిలింది మూలుగకు చేరి పెద్ద కణాలను తట్టి లేపుతుంది. ఈ హార్మోన్‌ను 1994లో పట్టుకున్నారు.

దీని గ్రాహకం మీదే పనిచేసే మందులు ఇప్పుడున్నాయి, రోమిప్లోస్టిమ్, ఎల్ట్రోంబోపాగ్ అని. కొన్ని జబ్బుల్లో డాక్టర్లు వాడతారు. నా వాదనకు ఈ మందులే సాక్ష్యం. మూలుగ తలుపు నేరుగా తట్టడానికి తయారు చేసిన ఈ మందు ఇచ్చినా రక్తంలో కౌంట్ లేవడం మొదలయ్యేది దాదాపు అయిదో రోజున, బాగా పెరిగేది రెండో వారంలో. ఎందుకు? కట్లు విప్పాలి, కొత్తవి కట్టాలి, డీఎన్‌ఏ మూడు నాలుగు సార్లు రెట్టింపవాలి, సరుకు నింపాలి, ఊడలు దించాలి. అన్నీ వరసలో జరగాలి, ఒకటి కానిదే ఇంకోటి కాదు. అత్యవసరంలో ఎదిగిన పెద్ద కణాలు ఊడల జోలికి పోకుండా ఒక్కసారిగా పగిలి ప్లేట్‌లెట్లు చిమ్మడం ఎలుకల్లో చూశారు, కాదనను. కానీ పగలడానికైనా ముందు ఎదిగిన కణం ఉండాలి కదా.

డెంగీలో మొదటి రోజుల్లో వైరస్ దెబ్బకు మూలుగ మందగిస్తుంది. బయట ఉన్న ప్లేట్‌లెట్లు కూడా వేగంగా ఖర్చవుతాయి. జ్వరం మూడో రోజు నుంచి ఆరో రోజో ఏడో రోజో దాకా కౌంట్ దిగుతుంది. అప్పటికి మూలుగ తేరుకుని, హార్మోన్ మిగిలి, కొత్త కణాలు ఎదుగుతూ ఉంటాయి. ఏడో రోజో ఎనిమిదో రోజో కౌంట్ లేస్తుంది. మనవాళ్లు బొప్పాయాకు రసం ఎప్పుడు మొదలుపెడతారు? కౌంట్ యాభై వేలకు పడ్డాక, అంటే అయిదో రోజునో ఆరో రోజునో. రెండు రోజుల తర్వాత పెరుగుతుంది. క్రెడిట్ ఆకుకు పోతుంది. ఆ ప్లేట్‌లెట్ల పని మూలుగలో మొదలైనప్పటికి ఆకు ఇంకా చెట్టు మీదే ఉంది.

ఈ మాటంటే చదువుకున్నవాళ్లు ఒక పరిశోధన చూపిస్తారు. 2013లో మలేసియాలో వచ్చింది. రసం తాగినవాళ్లకు కౌంట్ త్వరగా పెరిగిందని, వాళ్ల రక్తంలో ఆలాక్స్-12 అనే జన్యువు ఎక్కువగా పనిచేస్తున్నట్టు కనిపించిందని. "జన్యువుల మీదే పనిచేస్తోంది, ఇంకేం కావాలి మేడమ్?" అని ఒక ఫార్మసీ స్టూడెంట్ నన్ను నిలదీశాడు. బాగా అడిగాడు. కానీ సద్దిమూట గుర్తుందా? ఆలాక్స్-12 చీటీలు ప్లేట్‌లెట్లలోనే దండిగా ఉంటాయి. ఆ జన్యువును తెరిచేవాటిలో మన రన్‌ఎక్స్-1 కూడా ఒకటి. చీటీలు నిండుగా ఉన్న కొత్త ప్లేట్‌లెట్లు రక్తంలోకి దిగితే, కారణం ఏదైనా సరే, రక్తంలో ఆ చీటీలు ఎక్కువ కనపడాల్సిందే. వాన పడ్డాక రోడ్డు మీద గొడుగులు ఎక్కువ కనపడితే గొడుగుల వల్ల వాన పడిందంటామా? పైగా ఎవరికి రసం ఇస్తున్నారో ఎవరికి ఇవ్వడం లేదో అందరికీ తెలిసే జరిగిన పరీక్ష అది. ఆకులో ఏమీ లేదని నేను అనను. మూలుగ అదనును అది రెండు రోజులకు కుదిస్తుందంటే మాత్రం నమ్మను.

రసంతో నాకున్న అసలు తగువు వేరే. వాంతులతో ఉన్న మనిషికి గ్లాసెడు చేదు పట్టిస్తారు. అది ఆగక మళ్లీ వాంతులు. డెంగీలో కావలసింది ఒంట్లో నీళ్లు నిలవడం, మనం చేసేది ఉన్నవి కక్కించడం.

ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టర్ల మీద పడటం ఇంకో రకం. సంచిలో ఉన్న ప్లేట్‌లెట్లు గది వేడి మీద, ఊగే అర మీద, అయిదు రోజులు మాత్రమే నిలవ ఉంటాయి. ఎక్కించినవి కూడా అదే రక్తంలో అదే గొడవలో పడి ఖర్చవుతాయి. సింగపూర్, మలేసియాల్లో కౌంట్ 20 వేలు, అంతకన్నా తక్కువున్న డెంగీ రోగులను, రక్తస్రావం లేనివాళ్లను, రెండు గుంపులు చేసి ఒక గుంపుకు ప్లేట్‌లెట్లు ఎక్కించి చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఆ గుంపులోనే ఎక్కువ. రక్తం కారుతున్నవాడికి ఎక్కించడం వేరు, అది డాక్టరు చూసుకుంటాడు. కాగితం మీద అంకెకు ఎక్కించడం వేరు.

మరి దేనికి భయపడాలి? జ్వరం తగ్గిన రోజుకు. ఇది ఎన్నిసార్లు చెప్పినా జనం నమ్మరు. జ్వరం దిగిందని ఇల్లంతా ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గిపోవడం. రిపోర్టులో హెమటోక్రిట్ పెరుగుతూ పోవడం. వేలు ఆ వరస మీద పెట్టండి. రసం కోసం ఊరంతా తిరిగే బైకు ఆ రోజు ఇంటి ముందు, పెట్రోలు పోసి సిద్ధంగా ఉంటే చాలు.

ఇంకో రకం వాళ్లున్నారు. జ్వరం లేదు, ఏ బాధా లేదు, ఎప్పుడు చేయించినా కౌంట్ తక్కువే. గుంపులు కట్టడమూ కాదు, స్లైడ్‌లో చూస్తే ప్లేట్‌లెట్లు బాగా పెద్దగా ఉంటాయి. బెంగాల్‌లో రక్తదానానికి వచ్చిన ఆరోగ్యవంతుల్లోనే ఇలాంటివాళ్లు చాలామంది కనిపించారు. కౌంట్ తక్కువ, ముక్క పెద్దది, రక్తస్రావం లేదు, పుట్టుక నుంచి అంతే. మిషన్ ఒక్కోసారి ఆ పెద్ద ముక్కలను ఎర్రకణాల ఖాతాలో వేసి కౌంట్‌ను ఇంకా తగ్గించి చూపిస్తుంది. ఇలాంటివాళ్లకు రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను తినేస్తోందనుకుని స్టెరాయిడ్లు వాడిన సందర్భాలున్నాయి. అందుకే తక్కువ కౌంట్ అని ఎవరైనా వస్తే నేను ముందు ఒకటే అడుగుతాను: "మీ నాయినకు, అక్కచెల్లెళ్లకు ఎప్పుడన్నా చేయించిన్రా?"

ఆ ప్రశ్నకు రెండు అంచులున్నాయి, దాచను. రన్‌ఎక్స్-1 జన్యువులో తప్పు కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుందని 1999లో బయటపడింది. వాళ్లకు కౌంట్ కొంచెమే తక్కువ ఉంటుంది, చూస్తే భయపడేంత కాదు. కానీ వాళ్లలో లుకేమియా వచ్చే అవకాశం మామూలు వాళ్ల కన్నా చాలా ఎక్కువ. డెంగీలో ముప్ఫై వేలు చూసి ఊరంతా పరుగెత్తే మనం, ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ లక్షా పది వేలుంటే "మాకు అంతే మేడమ్, వంశంల ఉన్నది" అని నవ్వి వదిలేస్తాం. రక్తజబ్బుల డాక్టరు దగ్గరికి పొమ్మని నేను ఎక్కువగా బతిమాలేది వీళ్లనే.

పోయిన సెప్టెంబర్‌లో మా తమ్ముడి కొడుక్కు డెంగీ వచ్చింది. ఆరో రోజు కౌంట్ 41 వేలు. హెమటోక్రిట్ నిలకడగా ఉంది, పిల్లాడు ఇడ్లీ అడుగుతున్నాడు. నేను స్లైడ్ చూశాను. ప్లేట్‌లెట్లు కొన్నే, కానీ వాటిలో నాలుగైదు దాదాపు ఎర్రకణమంత ఉన్నాయి. అప్పుడే ఊడ తెగి వచ్చినవి, సద్దిమూట విప్పనివి. మూలుగ లేచి కూర్చుందన్నమాట. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, "ఎల్లుండికల్లా పెరుగుతయి రా, కంగారు పడకు, మంచిగ నీళ్లు తాగియ్యి" అని.

"అట్లనా అక్కా? నిన్న సాయంత్రం నుంచే ఆకు రసం మొదలు పెట్టినం. పనిచేస్తున్నట్టే ఉంది."

ఎనిమిదో రోజు 1 లక్షా 30 వేలు. ఇప్పుడు వాళ్ల వాడలో ఎవరికి జ్వరమొచ్చినా తమ్ముడింటికే వస్తున్నారట. మొన్న పండగకు పోయినప్పుడు చూశాను, పెరట్లో బొప్పాయి చెట్టుకు కాయలున్నాయి, ఆకు ఒక్కటి లేదు.